వరూధిని పరిమళము, ప్రవరుని ధూమము: 'త్రయీ' యను సుగంధమును గూర్చి

ప్రబంధములను బోధించునపుడు రూపమునకును శబ్దమునకును ఇచ్చు ప్రాధాన్యమును మనము గంధమునకు ఇచ్చుట లేదు. నాయిక కన్నులను గూర్చి గంటసేపు ప్రసంగింపగల యధ్యాపకుడే, పరిమళమును గూర్చిన పద్యము వచ్చినపుడు 'ఇట కవి సుగంధమును వర్ణించినాడు' అని యొక్క వాక్యముతో ముందునకు సాగిపోవును. ఇది కేవలము ఉపేక్షయే యైనచో అంతగా చింతింప బనిలేదు. కాని కొన్ని కావ్యములందు గంధము అలంకారము గాక కథకు కారణమై యున్నది. దానిని దాటిపోయినచో కథలోని కీలకము మన చేతికి చిక్కదు.

ఈ విషయమును విచారించుటకు మేమొక క్రొత్తమార్గమును గ్రహించితిమి. 2011వ సంవత్సరమున పారిస్ నగరమునుండి వెలువడిన 'త్రయీ' యను సుగంధమును ముందుంచుకొని, మన పురాణప్రబంధములలోని గంధమును దానితో పోల్చి చూడ దలచితిమి. సాహిత్యపరిశోధనసంచికలో అత్తరుసీసాకు చోటేమని కొందఱు శంకింపవచ్చును. వేదములను పేరుగా ధరించి, ప్రాచీనభారతమును స్ఫురింపజేయుదునని విపణికి వచ్చిన వస్తువు తనంత తానే యొక వ్యాఖ్యానమగుచున్నది. ఆ వ్యాఖ్యానము మూలమునకు దగియున్నదా యని యడుగుట విమర్శకుని పని.

త్రయి యనగా ఋగ్యజుస్సామములని వేఱుగ జెప్పనక్కఱలేదు. నీలా వెర్మేర్ గారు పారిస్‌లో తమ పేరిట స్థాపించిన సంస్థ ఆ సంవత్సరమున మూడు సుగంధములను వెలువరించినది. మూడింటిని కూర్చినవాడు బెర్ట్రాండ్ దుషోఫోర్ అను ఫ్రెంచి సుగంధశిల్పి. మొదటిదైన 'త్రయీ' వైదికయుగమునకు ప్రతీక. 'మొహర్' అనునది మొగలుల వైభవమును, 'బాంబే బ్లింగ్' అనునది నేటి భారతమును సూచించును. 'త్రయీ'లో అల్లము, దాల్చినచెక్క, ఏలకులు, లవంగములు, కుంకుమపువ్వు, మల్లెజాతి పూలు, వట్టివేరు, చందనము, దేవదారు, అగరు, ధూపద్రవ్యములు పేర్కొనబడినవి. గంజాయిని తలపించు కూర్పు గూడ నొకటి కలదు. ఇది సోమపానమును స్ఫురింపజేయుటకని యూహింపవచ్చును.

విద్యార్థి యొకడు విదేశమునుండి వచ్చుచు తెచ్చిన చిన్న సీసాను మేము మూడుదినములు పరీక్షించితిమి. మణికట్టున రాచుకొన్న తొలిక్షణములలో అల్లపు ఘాటు, ఏలకుల చలువ, దాల్చినచెక్క కారము ఒకదాని వెంట నొకటి వచ్చును. పావుగంట గడచునప్పటికి ఘాటు తగ్గి పొగ పైకి లేచును. ఇది వంటచెఱకు పొగ కాదు. మండి యాఱిన ధూపపాత్రమున మిగిలిన పొగ. సాయంకాలమునకు చందనము, దేవదారు, వట్టివేరు మాత్రము నిలిచి, చిరకాలము మూసియుంచిన భోషాణమును తెఱచినట్లు కొయ్యవాసన వచ్చును. కూర్పు మంచిది. దీనిని చౌకబాఱు వస్తువుగా త్రోసివేయుటకు వీలులేదు. అందువలననే విమర్శ చేయుటకు తగియున్నది.

మా శాఖ యున్న గచ్చిబౌలి ప్రాంతమున ఈ పొగకు విశేషార్థము కలదు. 1998వ సంవత్సరమున మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ యని, సైబరాబాదని పిలువబడుచు ఈ వైపున లేచిన గాజుమేడలలో పొగకు ప్రవేశము లేదు. పైకప్పులందు పొగను పసిగట్టు యంత్రము లుండును. అగరువత్తి పొగకు గూడ నవి మ్రోగునను భయము చేత, ఆయుధపూజనాడు కంప్యూటరునకు కుంకుమబొట్టు పెట్టి, విద్యుద్దీపమును వెలిగించి, అగరువత్తిని వెలిగింపకయే పళ్లెరమున నుంచి పూజ ముగించు కార్యాలయములు గలవు. ఇదే నగరమున మూసీకి ఆవలియొడ్డున దుకాణము దుకాణమునకును తిరిగి లోబాను పొగ వేసి పోవు ఫకీరు ఇప్పటికిని కలడు. ఒక కొసను పొగ మంగళద్రవ్యము, మఱియొక కొసను ప్రమాదసూచన. నిప్పునకు చోటులేని మేడలలో దినమంతయు గడపు యువకునకు హోమధూమము చొక్కాపై చల్లుకొనదగిన ద్రవముగా లభించినచో ఆతడు దానిని కోరుటలో వింతయేమున్నది?

ఇట తార్కికుల మాట యొకటి స్మరింపదగియున్నది. అనుమానప్రమాణమును బోధించునపుడు వారు మొట్టమొదట చెప్పు ఉదాహరణము పొగయే. కొండపై పొగను చూచి యచట నిప్పు కలదని నిశ్చయింతుము. నిప్పులేనిదే పొగ రాదని లోకమును అనును. 'త్రయీ'లో పొగ కలదు, నిప్పు లేదు. దీనికి రసాయనశాస్త్రము చెప్పు కారణము సులభమైనది. కొయ్య కాలునపుడు అందలి లిగ్నిను విచ్ఛిన్నమై గ్వాయకాల్ మున్నగు ఫినాలు జాతి పదార్థములు పుట్టును. మన ముక్కు 'పొగ' యని గుర్తించునది చాలవఱకు వీనినే. అట్టి పదార్థములును, ధూపద్రవ్యముల తైలములును చేరినచో సీసాలోని చల్లని ద్రవమే పొగవాసన యిచ్చును. మంచుతెరను చూచి పొగయని భ్రమించి నిప్పు నూహించువాని హేతువును తార్కికులు హేత్వాభాసమందురు. ఈ సుగంధము చేయునది అదియే. కాని కావ్యము చేయునదియు నదియే కదా! రంగస్థలముపై దుష్యంతుడు లేడు, దుఃఖము లేదు. ప్రేక్షకుని కన్నులలో నీరు కలదు. కావున నిప్పులేని పొగ యనుట చేతనే 'త్రయీ'ని దోషముగా నెంచము. మేమడుగు ప్రశ్న వేఱు: ఇది యే నిప్పు యొక్క పొగ?

త్రయీధర్మమనగా యజ్ఞము. యజ్ఞశాలలో కాలునవి నేయి, మోదుగు, రావి, మేడి, చండ్ర మొదలగు సమిధలు, పురోడాశము. ఆ వాసనను ఎఱిగినవారికి అందు నేతివాసన, పచ్చికొయ్య కమరు, పిండి మాడిన కమ్మదనము గుర్తునకు వచ్చును. అది తీయనిది కాదు. చాలసేపు కూర్చుండినచో కన్నులు మండును. 'త్రయీ'లో నేయి లేదు, పిండి లేదు. ఉన్నవి కుంకుమపువ్వు, చందనము, ఏలకులు, లవంగములు. చందనకుంకుమలు అర్చావిగ్రహమునకు చేయు గంధోపచారమునకు సంబంధించినవి. ఏలాలవంగములు తాంబూలమునకు సంబంధించినవి. లవంగము తూర్పు సముద్రమునందలి మొలుక్కా దీవుల సొత్తు. వైదికాగ్నితో దానికి పొత్తు లేదు. కావున ఈ సీసాలోని పరిమళము దేవాలయపు గర్భగృహమునకును, అంతఃపురమునకును నడుమనున్నదే గాని యజ్ఞశాలది కాదు. పేరు ప్రవరునిది, పరిమళము వరూధినిది.

ఈ మాట చమత్కారమునకై చెప్పినది కాదు. మను చరిత్రమును గంధదృష్టితో చదివినచో ఈ రెండు పరిమళముల వైరమే యా కథకు ప్రాణమని తెలియును. అంతకుముందు భారతకథను ఒక్కింత స్మరింతము. శంతనుడు యమునాతీరమున ఎచటినుండి వచ్చుచున్నదో తెలియని పరిమళమును వెంబడించి పోయి సత్యవతిని చూచినాడు. రూపము పిదప, గంధము ముందు. ఆ గంధము గూడ నామెకు పుట్టుకతో వచ్చినది కాదు. మత్స్యగంధియైన కన్యకు పరాశరుడు వరముగా నిచ్చినది. లక్కయింటి విషయమున ధర్మరాజు గోడలలోని లక్కను, నేతిని వాసనచేతనే గుర్తించి భీమునితో చెప్పినాడు. ఒకచోట గంధము వంశమును మార్చినది, ఒకచోట ప్రాణములను నిలిపినది. రెండుచోట్లను అది యలంకారము కాదు, తెలివిడి.

పెద్దన యీ తెలివిడినే కథానిర్వహణమున వాడుకొనినాడు. ప్రవరుని కథను మూడు ద్రవ్యములు నడపుచున్నవని మా యభిప్రాయము. మొదటిది సిద్ధుడిచ్చిన పాదలేపము. అరుణాస్పదపురమున అగ్నిహోత్రమును విడువక కాపురము చేయు గృహస్థుని అది క్షణములో హిమాలయమునకు చేర్చినది. మంచునీటికి ఆ లేపము కరగిపోయినది. ఇంటికి త్రోవ మూసికొనినది. రెండవది గాలిలో వచ్చిన పరిమళము. మూడవది యగ్ని. లేపము కొనిపోయినది, గంధము దారితప్పించినది, అగ్ని యింటికి చేర్చినది. రూపవర్ణనలు, సంవాదము, తిరస్కారము, విరహము ఇవన్నియు నీ మూడు ద్రవ్యముల నడుమ నమరియున్నవి.

ఆ రెండవ ద్రవ్యమును గూర్చిన చిన్న పద్యము తెలుగు చదివినవారందఱకు పరిచితమే. అందలి పరిమళము ఒక్క ద్రవ్యముది కాదు. తాంబూలము, దానిలో కర్పూరము, ఆ కర్పూరపు ఘాటును రెట్టింపు చేయు కస్తూరి కలిసి తక్కిన వాసనల నన్నింటిని కప్పివేసినవి. ఇట గమనింపదగిన విషయ మొకటి కలదు. హిమాలయవనమున వాసనలకు కొఱత లేదు. పూలు, ఓషధులు, దేవదారువులు, కస్తూరిమృగములు గూడ నచటనే యున్నవి. అవి యేవియు ప్రవరునకు మనుష్యసంచారమును తెలుపలేదు. తమలపాకును, కర్పూరమును, కస్తూరిని ఒకచోట చేర్చుటకు చేయి కావలెను, నోరు కావలెను. కూర్పుడు పరిమళము మాత్రమే ఇచట నొక స్త్రీ యున్నదని చెప్పగలదు. ధూమమును చూచి యగ్ని నూహించు శ్రోత్రియుడే ఈ గంధమును పట్టుకొని మనుష్యుని నూహించినాడు. ఊహ తప్పు కాదు, కాని చేరినది తాను కోరిన తావు కాదు. త్రోవ యడుగ బోయి వరూధిని యెదుట నిలిచినాడు.

ఈ పద్యమును బోధించునపుడు మాకు ప్రతివత్సరము నొక చిక్కు ఎదురగుచున్నది. కర్పూరమనగానే నేటి విద్యార్థికి హారతికర్పూరము మాత్రమే స్ఫురించును. దానిని నోట వేసికొనుట యూహించి వారు నవ్వుదురు. పద్యమునందలిది పచ్చకర్పూరము. హారతికర్పూరపు చెట్టు వేఱు. పచ్చకర్పూరమునిచ్చు మహావృక్షము బోర్నియో, సుమత్రా దీవులలో పెరుగునది. కస్తూరిని చూచినవా డొక్కడును లేడు, ఉండుటకును వీలులేదు. 1972 నాటి వన్యప్రాణిరక్షణచట్టమున కస్తూరిమృగమునకు రక్షణ కలదు. 1888లో బావర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కృత్రిమకస్తూరిని గనుగొనెను. అసలు కస్తూరిలోని ముఖ్యద్రవ్యమైన మస్కోను నిర్మాణమును 1926లో రుజిక్కా తేల్చెను. నేడు మన సబ్బులలోను, బట్టలుతుకు చూర్ణములలోను ఉన్నది కృత్రిమకస్తూరియే. అనగా వరూధిని నోటి పరిమళములో నొక యంశమును మన విద్యార్థి ప్రతిదినము మోయుచున్నాడు, పేరు మాత్ర మెఱుగడు. ఇట్టి స్థితిలో 'మృగమదమనగా కస్తూరి' యని ప్రతిపదార్థము చెప్పుట వలన నేమి లాభము? పర్యాయపదము వాసనను ఈయదు. గంధద్రవ్యములు వచ్చు పాఠమునకు ముందు పచ్చకర్పూరమును, వట్టివేరును, అగరుచెక్కను, జవ్వాదిని బల్లపై నుంచుట యనావశ్యకవ్యయము కాదని మా మనవి.

ఆ ద్రవ్యములకై దూరము పోనక్కఱలేదు. హైటెక్ సిటీ స్టేషనున మెట్రో యెక్కి, అమీరుపేటలో మాఱి, మహాత్మాగాంధీ బస్సుస్టేషనున దిగి, నయాపూల్ మీదుగా మూసీని దాటినచో పత్థర్‌గట్టి అత్తరుదుకాణములు కానవచ్చును. అందు ఊదు పేరిట అమ్మబడు ద్రవ్యము మన కావ్యములలోని అగరువే. ఊదువత్తి, అగరువత్తి యను రెండుమాటలలోను ఒకే కొయ్య రెండుభాషల పేళ్లతో నున్నది. అరబ్బీ శబ్దము నెఱుగనివారు వత్తిని ఊదుదురు గాన ఊదువత్తి యందురు! అగరును గూర్చి మఱియొక వినోదము కలదు. అగురువనగా బరువు లేనిదని శబ్దార్థము. కాని రజనము నిండిన మేలిజాతి అగరు నీట మునుగును. చెట్టునకు గాయమై, బూజుపట్టి, ఆ వ్యాధికి ప్రతిగా చెట్టు స్రవించిన రజనమే యీ పరిమళమునకు మూలము. ఆరోగ్యవంతమైన చెట్టు కొయ్యకు విలువ లేదు. అడవులు తఱిగిపోవుటచే 2004లో ఆ జాతివృక్షము లన్నింటిపైన అంతర్జాతీయవ్యాపారనియంత్రణ విధింపబడినది.

వ్యాపారమన్న మాట వచ్చినది గాన శ్రీనాథుని కడకు పోవుదము. పురాణమునకును పరిమళమునకును గల సంబంధమును తెలుగున విచారించువారు హరవిలాసమును విడువరాదు. శివలీలలను చెప్పు నీ కావ్యమును శ్రీనాథుడు అంకితమిచ్చినది రాజునకు గాదు, దేవునకు గాదు; అవచి తిప్పయశెట్టి యను వర్తకునకు. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటేట జరపు వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సరఫరా చేసినవా డీతడే. ఆ కుమారగిరియే కర్పూరవసంతరాయడు, 1957లో సి. నారాయణరెడ్డిగారు వెలువరించిన గేయకావ్యమున నాయకుడు. తరుణాసీరి, తవాయి, గోవ మొదలగు రేవులనుండి చందనము, అగరు, కర్పూరము, పన్నీరు, కుంకుమపువ్వు, కస్తూరి తిప్పయ ఓడలలో వచ్చినవని శ్రీనాథుడు కృతిపతిని స్తుతించినాడు. మొదటి రెండును నేటి మయన్మారు తీరమునందలివి. ఓడల జాతులను గూడ పేరుపేరున చెప్పినాడు. అందు జోంగు అనునది తూర్పుసముద్రములలో తిరిగిన పెద్ద యోడ.

ఇట్టి పద్యములను సరకులపట్టిక యని, కవిత్వము తక్కువ యని యనువారు కలరు. మేము వారితో ఏకీభవింపము. శ్రీనాథుడు పట్టికను ఎచట నుంచినాడో చూడవలెను. ఓడలు, రేవులు, సరకులు పీఠికలో నున్నవి. కథలోనికి వచ్చినంతనే మనకు ఎదురగువాడు బూడిద పూసికొన్న దేవుడు. మన్మథుడు కాలిన తావు, దారుకావనమున భిక్షాటనము, పాలసముద్రమునుండి లేచిన హాలాహలము. సుగంధవర్తకుని ద్రవ్యముతో వ్రాసిన కావ్యమున దేవునికి చితాభస్మమే మైపూత. కృతిపతి సరకునకును పురాణమునందలి వాసనకును గల భేదమును కవి యెఱుగును. ఎఱిగి రెంటికిని వేఱువేఱు తావు లిచ్చినాడు. కస్తూరి యన్నచో నీ కవికి గల మోజును చెప్పు చాటుపద్యము లోకప్రసిద్ధమే. సాంపరాయని తెలుంగాధీశుని ఆతడు యాచించినట్లు చెప్పబడునది కస్తూరినే. అట్టివాడే కథలో దానిని శివుని మేనికి పూయక నిగ్రహించినాడు.

'త్రయీ'లో లోపించినది ఈ నిగ్రహమే యని మాకు తోచుచున్నది. అది పీఠికను కథగా చేసినది. మూడురేవుల సరకును దింపి, దానికి వేదమని పేరిడినది. అల్లము, ఏలకులు, లవంగములు, కుంకుమపువ్వు, చందనము, అగరు అను నా వరుస అవచి తిప్పయ చిట్టాలో నొక పుటవలె నున్నది. ఆ చిట్టా పేరు పెట్టినచో మేమీ సుగంధమును ఇంకను మెచ్చుకొందుము. అందు పొగ మాత్రము వేఱు జాతిది. అది చిట్టాలోనిది కాదు. కూర్చినవానికి ఆ పొగయొద్ద నొక యథార్థమైన ఊహ తట్టినది. మసాలా ఘాటంతయు తగ్గిన పిదప గాని పొగ రాకుండునట్లు, పొగ తగ్గిన పిదప గాని కొయ్య తెలియకుండునట్లు ఆతడు క్రమము కల్పించినాడు. యజ్ఞమున క్రమము దీనికి తలక్రిందులు: మొదట కొయ్య, పిమ్మట నిప్పు, పిమ్మట పొగ. ఈ సుగంధము కాలిన దానిని మరల కొయ్యగా చేయుచున్నది. సంకల్పించి చేసినాడో, అస్థిరద్రవ్యములు ముందుగా నెగిరి బరువైనవి చివర మిగులునను ప్రకృతిధర్మమే యట్లు చేయించినదో చెప్పలేము. ఫలితము మాత్రము సుందరము.

కూర్పును గూర్చి ప్రసంగించుచు వరాహమిహిరుని విడుచుట న్యాయము కాదు. బృహత్సంహితలోని గంధయుక్తి యధ్యాయమున నాతడు పదునాఱు ద్రవ్యములనుండి నాల్గింటిని ఏరుటకు 1820 విధములు కలవని లెక్కగట్టినాడు. ఆఱవశతాబ్దినాటి మాట. లెక్కలతో జీవించు మన పొరుగుమేడలలోని యువకులకు ఈ సంగతి తెలిసినచో సంతోషింతురు. మా విద్యార్థులకు ఇది చెప్పినపుడు గణితమును విడిచి సాహిత్యమునకు వచ్చినవా డొకడు అక్కడికక్కడ లెక్కించి సరిచూచినాడు. గంధము భోగమే గాక శాస్త్రమని మన పూర్వు లెంచినందుకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

ఇక ప్రకృతము. వరూధిని పరిమళమునకు ప్రవరుని పేరు పెట్టుట దోషమంటిమి. అయినను ఆ దోషము పురాణకథకు బయటిది కాదు. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి యింటికి పోయిన పిదప, అంతకుముందు వరూధినిచే తిరస్కృతుడైన గంధర్వుడు ప్రవరుని రూపము ధరించి యామెను చేరినాడు. రూపమంతయు ప్రవరునిదే; అగ్ని మాత్రము లేదు. 'త్రయీ' మాయాప్రవరుని వంటిది. పేరు శ్రోత్రియునిది, లోన నున్నది గంధర్వుడు. అట్లని త్రోసివేయ గలమా? స్వారోచిషమనువు యొక్క వంశము మాయాప్రవరునినుండియే కదా వచ్చినది! నిజమైన ప్రవరుడు అరుణాస్పదపురమున అగ్నిహోత్రము చేసికొనుచుండగా, కథను ముందునకు నడపినవాడు మాయాప్రవరుడు.

మార్కండేయపురాణకథలో గంధర్వుడు పెట్టిన నిబంధన యొకటి కలదు. సంగమసమయమున వరూధిని కన్నులు మూసికొనవలెను. ఆమె కన్నులు మూసికొని, అగ్ని ప్రవేశించినపుడు వెలిగిన యా బ్రాహ్మణుని రూపమునే తలచుకొనినది. అందుచేతనే పుట్టిన స్వరోచి అంతటి తేజస్వి యయ్యెనని పురాణము. వ్యాఖ్యాతలు ఇచట భావనాబలమును గూర్చి చెప్పుదురు. కన్నులు మూసికొన్నదానికి ఎదుటివాడు గంధర్వుడో ప్రవరుడో తెలుపగల యింద్రియ మొకటి ఇంకను మేలుకొనియే యుండును. హోమధూమము పట్టిన యుత్తరీయమునకును గంధర్వుని మేనిపూతకును వాసనలో భేదముండి తీరవలెను. తన తాంబూలపు గాలితోనే ప్రవరుని రప్పించినది, అగ్ని యాతనిలో ప్రవేశించినపుడు ఎదుట నిలిచియున్నది, ఆ భేదము నెఱుగకుండెనా? ఎఱిగియు నూరకుండెనా? గంధమునకు కథలో నంతటి పని యప్పగించిన పెద్దన కావ్యమున ఈ ఘట్టమును ఈ ప్రశ్నతో మరల చదువవలసి యున్నది. పరిశోధకవిద్యార్థి యెవరైన దీనిని చేపట్టినచో, మారన మార్కండేయపురాణమును ప్రక్కన నుంచుకొని, ఏ యే గంధము మూలమున నున్నదో, ఏది పెద్దన చేర్చినదో పద్యము పద్యమునకు సరిచూచుటతో మొదలిడవలెను.